సున్నల కరువు

గుజరాతీపేటలో మా ప్రెస్సు.
కేసులో అంకెలకి పది గళ్ళు.
కళ్ళు మూసుకున్నా వేలికి తెలుసు
ఏ గడిలో ఎంత సీసం మిగిలుందో.

మొదట్లో ఊళ్ళో ఫోనంటే అయిదంకెలే.
బిల్లు పుస్తకం అడుగున, ఓ మూల, చిన్న సైజులో:
దుప్పల పోలయ్య, ఇత్తడి సామాన్లు, ఫోను ఇంత.
పేరు చెబితే నెంబరు, నెంబరు చెబితే పేరు
నోటికి వచ్చేవి నాకు,
అదీ అద్దంలో చూసినట్టు, తిరగేసి.

తరవాత అందరి నెంబర్ల ముందూ
ఒక రెండు వచ్చి కూచుంది.
నెల తిరక్కుండా ఊరంతా కొత్త బిల్లు పుస్తకాలు.
రెళ్ళు అరిగిపోతే విశాఖపట్నం నుంచి తెప్పించాం.
అదింకా నయం.
ఆ రెండు మా ఇంటి పిల్లలానే ఉండేది.

ఆనక సెల్లులొచ్చాయి.
డే అండ్ నైట్ జంక్షన్ కాడ టైలరు, సనపల సన్యాసి,
పాత కార్డు తెచ్చి నా బల్ల మీద పడేశాడు.
"కోడు ఎయ్యాలంట బాబూ. నేకపోతే తగల్దంట."
ఎవరికి తగలదు?
"బేరానికొచ్చే వోడికే. మా ఎదురు మేడ మీదే ఉంతాడు."

ఎదురు మేడకి ఎస్టీడీ!
నవ్వుకున్నాం. నవ్వుతూనే పేర్చాను:
సున్నా, ఎనిమిది, తొమ్మిది, నాలుగు, రెండు, ఓ చిన్న గీత.
మర్నాడు హోమియో డాక్టరు.
ఆ మర్నాడు లాడ్జీ వాళ్ళు, ఐసు ఫ్యాక్టరీ వాళ్ళు.
ఊళ్ళో వాడు ఊళ్ళో వాణ్ణి పిలవాలంటే
ముందు ఊరి పేరు చెప్పుకోవాలి,
పొరుగూరి మనిషిలా గుమ్మం బయట నిలబడి.

అప్పుడొచ్చింది సున్నల కరువు.
మాఘమాసం, చేతినిండా శుభలేఖలు.
అంకెల గడి ఖాళీ. తెలుగు కేసులోకి చెయ్యి పెట్టాను.
అంకె సున్నా కాస్త కోల, అక్షరం సున్నా గుండ్రం.
అంత చిన్న సైజులో ఎవరు చూస్తారు?
అచ్చయిపోయిన పెళ్ళిళ్ళని విప్పాను.
కళ్యాణంలోంచి ఒకటి. తాంబూలంలోంచి రెండు.
సంబంధం విప్పితే ఏకంగా మూడు.
ఆ వారం మా ఊరి కోడు ముందు నిలబడ్డవన్నీ
పెళ్ళి సున్నలే.
ప్రూఫు చూసే కామేశం గారొక్కరే
కళ్ళజోడు నుదుటి మీదకి తోసి
"ఈ సున్నా బొద్దుగా ఉందేటి?" అన్నారు.

నేను సెల్లు కొన్న రోజు
రోడ్డుకి అవతల టీ బడ్డీ కాడ నిలబడి
ప్రెస్సుకి కొట్టాను. ఆరంకెలే. వేళ్ళకి పాత అలవాటు.
కిటికీలో కామేశం గారు కనిపిస్తున్నారు.
ఆయన మోచేతి పక్కన ఫోను,
దాని మీద కుట్టుపువ్వుల గుడ్డ.
మోగలేదు.
ఎవరో అమ్మాయి, ఏ ఊరిదో గొంతు,
ఈ నెంబరు లేదంది. సరిచూసుకోమంది.
సరిచూసుకోవడమే నా కూడు తల్లీ.
ఎదురుగా ఉంది. నల్లగా ఉంది. గుడ్డ కప్పుకుని ఉంది.

కోడు కలిపి మళ్ళీ కొట్టాను.
ఆయన గుడ్డ తీశారు.
"ఎక్కణ్ణుంచండీ?"
ఇరవై రెండేళ్ళుగా నన్ను "ఒరే" తప్ప అనని మనిషి.
నాకు ఏం చెప్పాలో తోచక
"శ్రీకాకుళం నుంచండీ" అన్నాను.
"మాదీ శ్రీకాకుళమేనండీ. చెప్పండి."

మా ఇద్దరి మధ్య నుంచి గోగునార లారీ ఒకటి
మెల్లిగా, చాలా మెల్లిగా వెళ్ళింది.
అది దాటేసరికి
ఆర్డరు రాసుకోడానికి పెన్ను మూత తీసి
కాచుకుని ఉన్నారాయన.

బడ్డీ వాడు గ్లాసు మీద చెంచాతో కొట్టాడు.
ఆ చప్పుడు ఫోన్లోంచీ వెళ్ళింది, గాల్లోంచీ వెళ్ళింది.
కామేశం గారు తలెత్తి చూశారు.
రిసీవరు చెవి దగ్గరే ఉంది. మాట మాత్రం
కిటికీలోంచి, రోడ్డు దాటి, కేకై వచ్చింది:
"ఒరే, అక్కడేటి సేస్తన్నావు? నాకూ ఓ టీ అట్రా!"

నిమిషం బిల్లు మాత్రం పడింది.