ఉత్తుత్తి దెబ్బ

ఫాయెంజాలో, లమోనే ఏటి పక్కన,
కుమ్మరి ఆవం మీది మేడగదిలో
కత్తిసాము నేర్పుతుంది ఇరిదే.
అరవై ఎనిమిదేళ్లు. ఎడమ మోకాలు మాట వినదు.

లెయార్కోకి పదకొండు.
వాడి కత్తి ఎటు పోబోతోందో
కళ్లు ముందే వెళ్లి చెప్పేస్తాయి.
నిన్న ఇమోలాలో అయిదుకి సున్నా.
జాలీ ముసుగు తియ్యకుండానే ఏడ్చాడు.
ముసుగులోంచి ముక్కు చీదడం కష్టం.

ఫింతా, అంటుంది ఆమె.
భుజం మీదికి బయల్దేరి భుజానికి చేరని కత్తి.
అవతలివాడు భుజం కాచుకునేలోగా
కిందినుంచి జారి డొక్కలో ఉంటుంది.
ఉత్తుత్తి దెబ్బ.
పిల్లికూనకి పుట్టుకతో వచ్చే విద్య,
వీడికి రాదు.
"అబద్ధాలాడనని అమ్మమ్మకి మాటిచ్చా."

ఇరిదే నవ్వలేదు.
మెట్టుకొక కాలు దించుకుంటూ
వాణ్ణి కిందికి, తమ్ముడి సారె దగ్గరికి తీసుకుపోయి
పిడికెడు తడిమట్టి చేతిలో పెట్టింది.
ఆ మాట పుట్టిల్లు ఇదీ, అంది.
లాటిన్‌లో ఫింగెరె: మట్టి పిసకడం,
బొటనవేలితో నొక్కి
లేనిదానికి చెవులూ మూతీ పెట్టడం.
తర్వాతెప్పుడో అది కల్పించడం అయింది,
ఇంకా తర్వాత నటించడం.
చివరికెవడో దాని చేతికి కత్తిచ్చాడు.

వాడు కుక్కని చేశాడు. తోక ఊడింది.
"ఇది అబద్ధమా?"
చాలాసేపు చూసి, కుక్కే, అన్నాడు.

ఇది రాస్తూ నిఘంటువు తిరగేస్తే
ఆ మట్టి నా గుమ్మందాకా అంటుకొచ్చింది.
పులమడం అనే సంస్కృత ధాతువు, దిహ్,
ఫింగెరెకి దూరపు చుట్టమట.
దాని కడుపున పుట్టిందే దేహం.
సందేహం కూడా.
విషం పూసిన బాణం దిగ్ధం,
ఎటూ తేలనిది సందిగ్ధం.
ఇన్నేళ్లూ చేతులు కడుక్కోకుండానే
మాట్లాడుతున్నానన్నమాట.

గురువారం, మళ్లీ మేడ మీద.
వాడి గోళ్లలో మట్టి ఇంకా పోలేదు.
భుజం వైపు కదిలాడు,
కత్తి ఒక్కటే కాదు,
ఊపిరీ, ముందుకాలూ, చూపూ, అన్నీ అటే.
నలభై ఏళ్లుగా ఇదే నేర్పుతున్న మనిషి
భుజం కాచుకుంది.
ఆ అర క్షణం గాలిలో
లేని దెబ్బ ఉంది, చెవులూ మూతీతో సహా.

డొక్కలో తగిలి కత్తి విల్లులా వంగింది.
ఇరిదే మోకాలు పట్టుకుని మూలిగింది.
వాడు కత్తి పారేసి పరిగెత్తుకొచ్చాడు.
దగ్గరికొచ్చాక
ఆమె కత్తి మొన, మెల్లగా,
వాడి రెండో గుండీ మీద ఆనింది.

మోకాలు నొప్పి మాత్రం నిజమేరా, అంది
మెట్లు దిగేటప్పుడు.
వాడు నమ్మలేదు.