శనివారం కాటా

మస్తాన్‌బీ వాళ్ల నాన్న మిర్చి యార్డులో హమాలీ.
ఇంట్లో మూలన పడున్న కొక్కెం కాటాని
గోనెపట్టాలో చుట్టి
భుజాన వేసుకొచ్చింది ఆ పిల్ల.
"అర కేజీ తక్కువ చూపిస్తది సార్,
మనమే కలుపుకోవాలి" అంది ముందే.

నేను లెక్కల మాస్టర్ని.
సగటు చెప్పడానికి ఇంకేం దొరక్క
బడి చెత్తని తూచమన్నాను.
పర్యావరణం అన్న మాట నా నోట రాలేదు, ఒట్టు.

సైకిల్ స్టాండు దూలానికి కాటా,
కాటాకి మిర్చి టిక్కీ, టిక్కీ నిండా వారం చెత్త.
ఎంత దులిపినా ఆ గోనెకి ఘాటు వదల్దు.
ఏడో తరగతి మొత్తం తుమ్మింది.
తుమ్ముల మధ్య ముల్లు ఊగి ఊగి
పద్నాలుగున్నర దగ్గర ఆగింది.
ప్లస్ అర.
బోర్డు మీద పదిహేను.

ఎవరిదెంత అని తగువు.
తగువు తీరాలంటే గుమ్మరించాలి.
గుమ్మరించాం.
చిక్కీ కవర్లు,
ఒకవైపే రాసిన కాగితాలు,
సిరా ఉండగానే చచ్చిపోయిన పెన్నులు,
ఏసుపాదానికి పడని పచ్చసొనలు,
స్టాఫ్ రూమ్ టీ కప్పులు, నలభై రెండు.
పిల్లలెవరూ నా వైపు చూడలేదు.
చూడకపోవడమే తగిలింది.

సోమవారం ఇంటినుంచి స్టీలు గ్లాసు తెచ్చుకున్నాను.
సైన్సు మేడం నవ్వింది.
గురువారానికి తనూ తెచ్చుకుంది,
ఎవరి పెళ్లికో ఎవరో చదివించింది,
అంచు మీద వాళ్ల పేరు.

పదిహేను పదమూడయింది.
పదమూడు పదిన్నర.
పచ్చసొనకి వెనక బెంచీలో గిరాకీ ఉందని తెలిసింది.
ఆరో శనివారం
మూడు కేజీలు.

హెచ్చెమ్ గారు ప్రార్థనలో చప్పట్లు కొట్టించారు.
నేను గ్రాఫు గీశాను.
గీత జారుడుబల్లలా దిగింది.
అందంగా ఉంది. మరీ అందంగా ఉంది.
లెక్కలవాడికి అక్కడే అనుమానం రావాలి.
రాలేదు.

సాయంత్రం గేటుకి తాళం వేస్తూ
ఆయా దానమ్మ అంది,
"గోడవతల చూశారా మాస్టారూ?"

చూశాను.
పీకలవాగు గట్టు పొడుగునా
చిక్కీ కవర్లు పరిగెల్లా మెరుస్తున్నాయి.
నల్లనీళ్ల అంచున ఒక యూనిట్ టెస్టు పేపరు,
దాని మీద నా ఎర్రసిరా,
'గుడ్'.

ఆదివారమంతా మాటలు పేర్చుకున్నాను,
కోపంగా ఒకసారి, మెత్తగా ఒకసారి.
ఏవీ అక్కర్లేకపోయాయి.

సోమవారం బెల్లుకి ముందే
మస్తాన్‌బీ, ఏసుపాదం, ఇంకో నలుగురు
మోకాళ్లదాకా బురదతో
టిక్కీని ఈడ్చుకుంటూ గేటు దాటారు.
దారంతా నీళ్లోడిన చార.
"మనది కానిది కూడా వచ్చింది సార్,
విడదీయలేకపోయాం" అన్నాడు ఏసుపాదం.
పారేసిందెవరో వాళ్లు చెప్పలేదు.
నేనూ అడగలేదు.

"తూచండి సార్."
"ఇవాళ శనివారం కాదు కదమ్మా.
పైగా తడిసింది, బరువెక్కువ చూపిస్తుంది.
మీ యార్డులో తడి సరుక్కి తరుగు తీస్తారుగా,
మనమూ తీద్దాం."
ఆ పిల్ల కాసేపు కాటా వైపే చూసింది.
"తరుగొద్దు సార్."

ముల్లు ఇరవై రెండు దగ్గర వణికి ఆగింది.
ప్లస్ అర.
వాగునీళ్లకి మిర్చి ఘాటు కొట్టుకుపోయినట్టుంది,
ఆ రోజు ఎవరూ తుమ్మలేదు.

జారుడుబల్ల చివర
ఇప్పుడొక నిట్టనిలువు గీత.
"రేపు ఇన్‌స్పెక్షన్, అది చెరిపెయ్యండి" అన్నారు హెచ్చెమ్ గారు.
డస్టర్ కోసం బల్ల కింద, బీరువా వెనక,
కిటికీలో, అంతటా వెతికాను.

మస్తాన్‌బీ సంచి ఒక్కటే వెతకలేదు.
సుద్దపొడి అంటుకున్న జిప్పు
నాకు కనబడుతూనే ఉంది.