లైన్ క్లియర్

టెక్కలి కల్యాణ మండపంలో శిక్షణ.
నిన్నటి పెళ్లి థర్మాకోల్ హంసల్ని ఇంకా విప్పలేదు,
వాటి మెడల మీదుగా బేనరు:
ఒకే జట్టు, ఒకే లక్ష్యం.
మొత్తం నలభై ఇద్దరం. లైన్‌మన్లు, హెల్పర్లు,
నాలాంటి సబ్‌స్టేషన్ ఆపరేటర్లు.
ముందు వరసలో ఏఈ గారు, పక్క కుర్చీలో ఆయన టిఫిన్ బాక్సు.

విశాఖ నుంచి వచ్చింది హిమజ మేడమ్,
మా పెద్దపిల్ల ఈడు. గొంతులో అలుపు లేదు.
దారపు ఉండ ఇచ్చి ఒకరికొకరు విసురుకోమంది.
కాసేపటికి హాలంతా సాలెగూడు.
"ఇదీ మన బంధం," అంది.
"ఇందల ఫేజేది, నూట్రలేది మేడమ్?" అన్నాడు గురువులు.
ఆమె కూడా నవ్వేసింది. అక్కడ నచ్చింది నాకు.

స్ట్రాలతో గోపురం కట్టమంటే
మావాళ్లు స్తంభం కట్టి, దానికి స్టే లాగారు.
ఫ్యాను గాలికి గోపురాలన్నీ పడ్డాయి, అదొక్కటే నిలిచింది.

"నాయకుడంటే ఎవరు?"
అందరం ఏఈ గారి వీపు చూశాం.
మళ్లీ గురువులే: "ముందుగాల ఎర్తు రాడ్డు తగిలించినోడు."
అర్థం అడిగి మరీ బోర్డు మీద రాసింది.

భోజనాల తరవాత చీటీలు.
ఒకే అంకె వచ్చిన ఇద్దరూ జోడీ.
ఒకరు కళ్లు మూసుకుని వెనక్కి పడాలి,
ఒకరు పట్టుకోవాలి.
నాకు పద్నాలుగు.
హాలు అవతల పద్నాలుగు పట్టుకున్న చేతికి
రెండు వేళ్లు లేవు.

ముఖలింగం.

తుఫాను వెళ్లిన మూడో రాత్రి.
ఫోన్లో గాలి, గాలి వెనకాల అతని గొంతు.
"అయిపోనేదు" అన్నాడట.
"అయిపోనాది" అని విన్నాను.
అవే న, ద. గుణింతాలే తేడా.
లాగ్‌బుక్కులో టైము రాశాను,
ఇంకు ఆరకముందే హేండిల్ ఎత్తాను.

విచారణలో నాకు రెండు ఇంక్రిమెంట్లు పోయాయి,
అతనికి అప్పటికే రెండు వేళ్లు.
లెక్క సరిపోయిందన్నాడు క్యాంటీన్లో ఎవడో.
ఆరేళ్లు. ఎదురుపడితే తలలాడిస్తాం
స్విచ్చుల్లాగ, పైకీ కిందికీ.
నా షిఫ్టులో ఫోను హెల్పరు చేత చేయిస్తాడు.

ఇప్పుడు నా ముందు నిలబడ్డాడు, వీపు ఇటు.
చొక్కా మెడ దగ్గర కుట్టు, వేరే రంగు దారం.
"మూడు" అనగానే అందరూ పడ్డారు, నవ్వారు, చప్పట్లు.
అతను పడలేదు.
తల తిప్పకుండానే అడిగాడు:
"ఎవులు వెనకాల?"

నేనని తెలుసు.
అయినా రూలు రూలే. అడిగితే పేరు చెప్పాలి, టైము చెప్పాలి.
"కూర్మారావు. రెండూ నలభై. నానే ఉన్నాను."

నాలుగంగుళాలు వాలాడేమో, అంతే.
నా అరచేతులకి చొక్కా వేడి తెలిసింది,
బరువు తెలియలేదు.
మళ్లీ నిటారుగా అయిపోయాడు.
"ఇంకోసారి ప్రయత్నిద్దామా?" అంది ఆ పిల్ల.
"సాల్లే అమ్మా," అన్నాడు, మెత్తగానే.

సాయంత్రం కాగితాలు పంచారు.
ఈ రోజు ఏం నేర్చుకున్నారు? కింద అయిదు వరసల ఖాళీ.
ఖాళీగానే మడిచి ఇచ్చాను.
ఏఈ గారు టిక్కు పెట్టుకున్నారు.

రాత్రి షిఫ్టు. ఈదురుగాలి.
పదిన్నరకి నౌపడ ఫీడరు ట్రిప్పయింది, లైన్ క్లియర్ ఇచ్చాను.
పదకొండూ యాభైకి ఫోను.
హెల్పరు కాదు.
"అయిపోనాది."

పెన్ను పట్టుకుని ఊరుకున్నాను.

"నా," అన్నాడు. "నాగావళిలో నా.
ది. దివిటీలో ది.
మనుసులందరూ దిగిపోనారు. ఎర్తు తీసీసినాం."
"మళ్లీ చెప్పు," అన్నాను.
చెప్పాడు.
"ఇంకోపాలి."
విసుక్కోకుండా చెప్పాడు.

అప్పుడు రాశాను టైము.
ఇంకు ఆరేదాకా ఆగాను.