ఎండిన వెన్ను

బేతంచెర్ల పాలిష్ ఫ్యాక్టరీ వెనక
పగిలిన నాపరాళ్లు నాలుగు నిలబెట్టి
మాబున్ని కనకాంబరం పెంచుతాది.

"ఎండ సగం, నీడ సగం.
ఎర్రమన్నులో పిడికెడు మేకపెంటికలు.
రాతిపిండి నీళ్లు మాత్రం పొయ్యాకు,
మన రొమ్ముల్లోకి పోయింది చాలు"
దగ్గు ఆగినాక ఇంకో మాట:
"వేరు కాడ నీళ్లు నిలిస్తే చస్తాది."

ఎండిన వెన్నులు రెండు తుంచి
బీడీ కాగితంలో చుట్టి నా జేబులో పెట్టింది.
వాసన లేని పువ్వుకు
ఇంత మర్యాదా అనుకున్నా.

రాత్రి షిఫ్టు దిగి వస్తుంటే
డోన్ రోడ్డు మీద వాన.
తడిసిన చొక్కాలో
చిట్.
చిట్, చిట్.

సైకిలాపి జేబు తడిమితే
అన్నీ ఖాళీ డొప్పలు,
కుట్లల్లో ఇరుక్కున్న గింజలు.

ఈ చొక్కా ఉతకొద్దని
ఇంట్లో చెప్పినా.