కోత లోతు

ఆటోనగర్ మూడో క్రాసులో
లేత్ షెడ్లన్నీ షట్టర్లు దించాక
రెండో ఆదివారం రాత్రి మా సంఘం మీటింగు.
మస్తానయ్యకి గొంతు పోయిందని
అధ్యక్షుడి కుర్చీ నాకిచ్చారు.
మడత కుర్చీ. ఒక కాలు పొట్టి.
కింద పెట్టుకోమని ఒక నట్టు కూడా ఇచ్చారు.

మొదటి రాత్రే అధికారం నాకు జ్వరంలా వచ్చింది.
చావు నిధి లెక్క తేలట్లేదని
యేసోబు లేచి అరిచాడు.
నేను వాడికంటే గట్టిగా అరిచాను.
స్పానరుతో బల్ల మీద కొట్టి
"బయటికి పో" అన్నాను.
పోయాడు.
తర్వాత ఎవరూ ఏమీ అనలేదు.
ఫ్యాను తిరగడం వినపడింది.
"సభ ప్రశాంతంగా ముగిసింది" అని
మినిట్సు పుస్తకంలో రాసి
కింద గీత కూడా గీశాను.

మస్తానయ్య మాట ఇప్పుడు దగ్గరికి వంగితేనే వినపడుద్ది.
"మిషను ఆపేస్తే చప్పుడు పోద్దిరా.
పనీ పోద్ది."
అంతే అన్నాడు.
టీ కోసం సామ్రాజ్యాన్ని కేకేయబోయి
గొంతు లేదని గుర్తొచ్చి
గ్లాసు అంచు మీద ఉంగరంతో చిన్నగా తట్టాడు.
అంత గోలలోనూ ఆమె వెనక్కి తిరిగి చూసింది.

ముప్పై ఏళ్ళు లేత్ ముందు నిలబడ్డవాణ్ణి.
కోత లోతుగా పెడితే టూలు విరుగుద్ది.
మరీ పైపైన రుద్దితే
ఇనుము అలిగి ఇంకా గట్టిపడుద్ది.
కీచుమన్నప్పుడు చెయ్యి కాదు, చెవి పనిచెయ్యాలి.
ఇవన్నీ నాకు తెలుసు.
ఇనుము దగ్గర పాటించే మర్యాద
మనుషుల దగ్గరెందుకు తట్టలేదో, అదే తెలీదు.

కోటిలింగం ఏ విషయమైనా
బుడమేరు పొంగిన ఏడు దగ్గర్నుంచి ఎత్తుకుంటాడు.
ఆపితే నెల్లాళ్ళు అలుగుతాడు.
"నీళ్ళు మన క్రాసులోకి వచ్చాయా కోటిలింగం?" అంటే
తనే నవ్వి కూర్చుంటాడు.
నాగూరు, పోలినాయుడి ఓనరుని తిడితే ఊరుకోవచ్చు.
పోలినాయుడి అమ్మని తిడితే ఊరుకోకూడదు.
మధ్యలో గీత వెంట్రుక మందం,
అది కొలిచే గేజి ఏ షాపులోనూ దొరకదు.

మా బావమరిది మాట్లాడుతుంటే
నేను గడియారం వైపు చూళ్ళేదు.
సామ్రాజ్యం చూసింది.
"మీ ఇంటి మనుషులకి నిమిషానికి
తొంభై సెకన్లా అన్నయ్యా?"
గ్లాసులు ఏరుకుంటూనే అంది.
షెడ్డు పగలబడి నవ్వింది.
ఆ నవ్వు మినిట్సులో ఎక్కించలేదు నేను. ఎక్కించాల్సింది.

పాలిషింగు పనిచేసే ఒరియా కుర్రాడొకడు
ఆరు నెలలు గోడకి ఆనుకునే నిలబడ్డాడు.
ఒక రాత్రి రేట్ల మీద కొట్టుకుంటుంటే
నోరు తెరిచి, మూశాడు.
"ఏదో అనబోయావు" అన్నాను.
అందరూ ఆగారు. వాడు భయపడ్డాడు.
"కళ్ళద్దాలు," అన్నాడు. ఒక్క మాట.
తర్వాత ఎడమ కంటి రెప్ప పైకెత్తి చూపించాడు.
రేట్ల సంగతి ఆ రాత్రి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

మూడో నెల రాణిగారితోట వెళ్ళాను.
యేసోబు గుమ్మంలోనే నిలబెట్టాడు.
"లెక్క తేలిందా?"
"తేల్లేదు. నువ్వడిగింది న్యాయమే."
తలుపేసుకున్నాడు.

ఆ ఆదివారం వచ్చాడు.
షట్టరు పక్కనే కూర్చున్నాడు, లేచిపోడానికి వీలుగా.
అదే ప్రశ్న. అదే గొంతు.
నా చెయ్యి స్పానరు వైపు పోయింది.
పోతుంటే చూశాను దాన్ని.
తొడ కింద పెట్టుకుని కూర్చున్నాను.
నట్టు ఎప్పుడు దొర్లిపోయిందో, కుర్చీ ఒక పక్కకి ఒరిగింది.
ఒరిగినట్టే ఉన్నాను.

పదకొండున్నర దాకా అరిచారు.
లెక్క సగం తేలింది.
పుస్తకం తెరిచి "ప్రశాంతంగా" అని మొదలెట్టి
కొట్టేసి
"సభ జరిగింది" అని రాశాను.

యేసోబు కుర్చీలన్నీ మడిచి గోడకి చేర్చాడు,
నేను కూర్చున్నది తప్ప.