గిన్నె మునిగే లోపు

మా ఊళ్లో కాలానికి అడుగున చిల్లు ఉంటుంది.

రాగి గిన్నె, అరచేతి లోతు,
సూదిమొన దూరేంత బెజ్జం.
గంగాళంలో నీళ్ల మీద వదిలితే
నిదానంగా తాగి, తాగి, బరువెక్కి,
గుటుక్కుమని అడుక్కి పోతుంది.
అదీ మాకు గడియ.
గడియ నిండితే ఒకరి మడికి పారే నీరు
ఇంకొకరి మడికి మళ్లాలి.

నలభై రెండేళ్లు ఆ గిన్నె ముందు కూచున్నాడు ఖెయిరుల్లా.
కునుకు తీశాడని ఎవరూ అనలేదు.
సొంత తమ్ముడి వంతైనా సరే
గిన్నె మునిగితే పార అడ్డం వేసేవాడు.
అతను పోయిన నలభయ్యో రోజున
గిన్నె నా చేతిలో పెట్టారు.
ఆడదానికా, అని మసీదు మెట్ల మీద ఇద్దరు ముగ్గురు గొణిగారు గానీ
మూడో జాము చలిలో కూచోడానికి
వాళ్లెవరూ లేచి రాలేదు.

బూడిదతో తోముతుంటే గోటికి తగిలింది
బెజ్జం అంచున మైనం.
నువ్వుగింజలో సగం.

కుంపటి ఆరిపోయేదాకా అలాగే ఉండిపోయాను.
మైనం పెడితే గిన్నె ఆలస్యంగా మునుగుతుంది.
ఎవరి వంతులో?

"నాకు తెలుసు, తూబా," అంది సకీనె,
పద్నాలుగు రేగుచెట్లు తప్ప ఇంకేమీ లేని సకీనె.
"గట్టు మీద నిలబడి నేనూ లెక్క పెట్టేదాన్ని కదా.
అందరికీ వంద దగ్గర మునిగేది
నాకు నూట పది దగ్గర మునిగేది.
ఏటేటా మీ ఇంటికి పంపిన ఎండు రేగుపళ్లు
ఊరికే అనుకున్నావా?"

ఇద్దరం నవ్వాం. తర్వాత నవ్వలేదు.
ఆ పదీ మబ్బులోంచి రాలలేదుగా.
ఆమె తర్వాతి వంతు హెదాయత్,
కుంకుమపువ్వు మడి పక్కన పార పట్టుకుని
కాళ్లు కొంకర్లు పోతూ నిలబడ్డ పది.

మైనం కరిగించేశాను.
సకీనె కర్బూజా పాదులు పీకేసింది.
తడి ఆరకుండా రేగుచెట్ల మొదళ్లలో
వాగు నుంచి మోసుకొచ్చిన గులకరాళ్లు పరిచింది.
నెల రోజులు నాతో మాట్లాడలేదు.

తీరా గిన్నె నిజం చెప్పడం మొదలెట్టాక
ఊట తప్పింది మాట.
పై లోయలో పిస్తాతోట, తోటలో మోటారు.
దానికి వంతు లేదు, రాత్రి లేదు, గిన్నె లేదు.
అర్జీ పెట్టాం. బీర్జంద్‌లో ఏదో బల్ల మీద
మా అర్జీ కూడా ఎండుతోంది.

గడియ అదే గడియ. నీరే సన్నం.
తాగేవాళ్లని తరతరాలుగా కొలిచాం,
ఇచ్చేదాన్ని ఎన్నడైనా కొలిచామా?

ఊట నోటి దగ్గర దానిమ్మ కర్ర పాతి
ఎర్రదారం ముడి వేశాను.
మెహ్ర్ నెలలో ముడి కింద నాలుగు వేళ్లు దిగింది.
ఆబాన్‌లో అయిదు.

మా అత్త అనేది,
నిద్రపోయేవాడి విస్తట్లో వడ్డించకు అని.
చెట్లు నిద్రపోయే చలికాలమంతా
ఈ నీళ్లు ఎవరికోసం పారుతున్నట్టు?

మూడు రాత్రులు కొట్లాడుకున్నాం.
నాలుగో పొద్దున హెదాయతే ముందు గడ్డపార తెచ్చాడు.
కొండ సొరంగానికి పలకరాయి అడ్డం పెట్టి
సందుల్లో మేక వెంట్రుకలు కలిపిన బంకమట్టి మెత్తాం.
వేలెడు రంధ్రం వదిలాం
మా కుండలకీ, నక్కలకీ, కౌజుపిట్టలకీ.

ఆ రాత్రి ఊళ్లో పిల్లలెవరూ పడుకోలేదు.
పుట్టినప్పటినుంచి వింటున్న గలగల లేదు.
మహీన్ వెళ్లి రాతికి చెవి ఆనించి వచ్చి
"లోపల ఎవరో ఊపిరి బిగపట్టారు" అంది.

నౌరోజ్ దాటి మూడో రోజు రాయి తీశాం.
పారి పారి నీరు నిలకడకి వచ్చాక
వంగి చూశాను, దారం వైపు.
నిరుటికంటే పైకే.
ఎంత?
చిటికెనవేలి గోరంత.

గోరంతే.
పై లోయలో మోటారు ఇంకా మోగుతూనే ఉంది.

గంగాళం నింపి గిన్నె వదిలాను.
మొదటి వంతు సకీనెది.
గట్టు మీద ఆమె పెదాలు కదులుతున్నాయి,
ఇక్కడ నావి.

వంద దగ్గర
ఇద్దరికీ ఒకేసారి
గుటుక్కుమంది.