ఏడేళ్ళ మోత

కొన్న రోజున దాని బరువు కిలోన్నర లోపే.
ఇప్పుడూ అంతే ఉండాలి, తూచలేదు.
వల్పరాయిసోలో కొండమెట్లు ఎక్కేవాళ్ళకి మాత్రం
ఏ వస్తువూ ఏడేళ్ళు ఒకే బరువుండదు.

పద్దెనిమిది వాయిదాలు కట్టాను ఈ ల్యాప్‌టాప్‌కి.
ఆ ఏడాదిన్నర చలికాలపు బూట్లు కొనలేదు.
"వెండి పళ్ళెం కొన్నావు సరే,
అందులో ఏం వడ్డించుకుంటావు?" అని
పక్కవాటా ఒర్తెన్సియా నవ్వింది.
వడ్డించుకున్నాను: తలుపు చప్పుళ్ళు, కుక్కల అరుపులు,
ఎవరో మెట్ల మీద ఆగి ముక్కు చీదడం.
నా పని అదే. చెవులు వినపడని వాళ్ళ కోసం
సినిమాల్లోని మోతల్ని మాటలు చేసి
తెర అడుగున అంటించడం.
"దూరంగా ఓడ కూత."
"గాలి. ఇంకా గాలి."

మంచి చెప్పాలంటే చాలా ఉంది.
తెర మీది రంగులు ఇప్పటికీ వెలిసిపోలేదు.
మూత తెరిస్తే, కునుకు పట్టని మనిషిలా
వెంటనే కళ్ళు విప్పుతుంది.
భూకంపం వచ్చిన రాత్రి బల్ల మీంచి పడి
ఒక మూల సొట్టపోయిందంతే.
నా కాలివేలికే ఎక్కువ దెబ్బ తగిలింది.

చెడ్డా చెప్పాలి.
సముద్రపు ఉప్పు బందుల్లో చేరి మూత కిర్రుమంటుంది.
దాన్నెలా రాయాలో నాకు తెలుసు:
"పాత తలుపు. చిన్నది."
'ఎన్యె' మీట అరిగి నెత్తిమీది అల చెరిగిపోయింది,
ఇప్పుడు నాకు రెండు 'ఎన్'లు.
బ్యాటరీ మధ్యాహ్నం దాకా ఆగదు.
పొడుగాటి సినిమా పెడితే ఫ్యాను
సంచులు మోసుకొస్తున్న ముసలాయనలా రొప్పుతుంది.

దోన్ ఎవరిస్తో అడుగు రేకు విప్పాడు.
లోపల కింది బేకరీ పిండి, పిల్లి వెంట్రుకలు,
కింతాయ్ తీరం ఇసుక ఒక చిటికెడు,
ఇంకా ఒక ఎర్ర పోగు. నేనెప్పుడూ ఎరుపు కట్టలేదు.
"మెమరీ పెంచగలవా?"
"టంకం వేసేశారమ్మా. పుట్టినప్పుడు ఎంతో అంతే."
అంత డబ్బు తీసుకుని ఇంత చిన్న తలుపు పెట్టలేదని
నాకన్నా అతనికే ఎక్కువ కోపం.

కొత్తది కొంటే ఏమేం ఉండాలో
రొట్టె చుట్టిన కాగితం మీద రాసుకున్నాను:
వేలు దిగే మీటలు.
కిటికీ దగ్గర కూర్చుంటే నా మొహం నాకే చూపించని తెర.
పెన్‌డ్రైవ్‌కి సొంత రంధ్రం, మధ్యలో ఇంకో తోక లేకుండా.
తెల్లారేదాకా నిలిచే బ్యాటరీ.
ధర దగ్గరికొచ్చేసరికి కాగితం జిడ్డు, పెన్ను జారింది.

వీన్యా దుకాణంలో నెహెమియాస్ అనే కుర్రాడు
కొత్తదాన్ని రెండు వేళ్ళతో ఎత్తాడు,
చేపముల్లు తీసినంత సుతారంగా.
"ఇందులో ఫ్యానే లేదండీ. అస్సలు మోతుండదు."
నా కాగితంలో ఆ కోరిక లేదు.

నాతో రోసల్బా వచ్చింది. పుట్టుకతో చెవుడు తనకి.
నేను రాసే ప్రతి మోతకీ మొదటి పరీక్ష తనే పెడుతుంది.
"గాలి అని రెండుసార్లెందుకు, కాగితం ఎగురుతోందిగా,
కనపడదా మాకు?" అని వేళ్ళతో తిడుతుంది.
మా ఇంట్లో పని చూస్తున్నంతసేపూ
పాతదాని పక్కన అరచెయ్యి ఆనించి కూర్చుంటుంది.
ఫ్యాను మొదలైతే చేతికి తెలుస్తుంది.
"నీ కొండలిఫ్టు ఎక్కుతోంది," అని సైగ.

కొత్తదాని మీదా చెయ్యి పెట్టింది.
తెర మీద యుద్ధం, గుర్రాలు, ఎర్రటి దుమ్ము.
కాసేపు అలాగే ఉంచింది.
తర్వాత రెండో చెయ్యి కూడా.
నావైపు తిరిగి అడిగింది:
"ఆన్ చేశారా?"

మార్చిలో కొంటానేమో. పాతది పూర్తిగా మొరాయిస్తే.
తిరుగు బస్సులో ఒడిలోని సంచి వెచ్చగా తగిలింది.
మూత మూసినా నిద్రపోలేదు, మళ్ళీ.
చెడ్డల్లో ఇదొకటి చెప్పడం మర్చిపోయాను.
తియ్యబోతుంటే రోసల్బా ఆపి
సంచి మీద చెయ్యి వేసింది,
కిటికీ బయట సముద్రాన్ని చూస్తూ,
రెండో చేత్తో
ఎక్కుతోంది, ఎక్కుతోంది, అని.